మియానీ లేని లాగులు

మా మనవడు పోలీసు నౌకరికి తయారైతున్నడు. చీకటితోనే లేస్తడు, మా ఊరు డోంగ్లి నుంచి మద్నూర్ తొవ్వ పట్టుకొని ఉరుకుతడు. ఉరుకుడు మంచిదే, దానితోటి నాకు పేచీ లేదు. ఎండ నడినెత్తికి వచ్చేదాక ఫోను మొకం మీద పెట్టుకొని పండే పోరగాళ్ల నడుమ ఒక్కడన్న లేస్తున్నడంటె మా ఇంటి అదృష్టమే. నా పంచాదంతా వాడు తొడిగే లాగుతోటి. ఏడాది తిరగకముందే ఎన్ని ట్రాక్ ప్యాంట్లు చింపిండో వాళ్లమ్మ లెక్కపెట్టుడు కూడ మానేసింది. ఒకదానికి మోకాళ్ల కాడ ఉబ్బు వచ్చి మళ్ల సాపు గాలే. ఒకటి లాంగ్ జంప్ దుంకినప్పుడు రెండు కాళ్ల నడుమ పర్రుమన్నది. అంగి ఇప్పి నడుముకు చుట్టుకొని ఇల్లు చేరిండు. ఇంకొకదాని నడుము రబ్బరు నెలకే ప్రాణం ఇడిసింది. ఎడమ చేత్తోని లాగు పట్టుకొని ఉరికే కానిస్టేబుల్‌ను ఏ సర్కారు తీసుకుంటది?

"పోనీ తాతా, మూడు వందలదే కద" అంటడు. ఈ 'మూడు వందలదే' అన్న మాటే నాకు పడదు. ఆ మూడు వందలు వాళ్లమ్మ దినమంతా నడుము వంచి పత్తి ఏరితె వచ్చే కైకిలి. మూడు వందలది నాలుగు సార్లు కొంటె పన్నెండు వందలైతదన్న లెక్క వానికి రాదా? వస్తది. కానిస్టేబుల్ పరీక్షకు అర్థమెటిక్ బాగనే చదువుతున్నడు.

అడిగితె 'ఈవెంట్స్‌కు కావాలె' అంటడు. ఆ ఈవెంట్స్ ఏందో నేను కూడ అడిగి తెలుసుకున్న. 2022 నోటిఫికేషన్‌కు మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకండ్లల ఉరకాలె, 4 మీటర్లు దుంకాలె, 7.26 కిలోల గుండు 6 మీటర్ల దూరం ఇసరాలె. ఆడపిల్లలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకండ్లు. అందుల యాడ కూడ లాగు మీద గీతలుండాలెనని రాయలే. మావోని లాగుకు మాత్రం పక్కల పొడుగూత గీతలున్నయి. అసలు కంపెనీదానికి మూడు గీతలట, దీనికి నాలుగు. ఒక గీత ఎక్కువే ఇచ్చిండ్రు, బట్టల తక్కువ చేసిండ్రు.

మా రోజుల్ల కసరత్తు బట్ట అంటె లంగోటనే. నేను చెప్పేది 1960ల ఆఖరు, 70ల ముచ్చట. డోంగ్లి అప్పుడు మద్నూర్ కింద ఉండె. సొంతంగ మండలం అయింది మొన్న 2022ల. మా దిక్కంతా మహారాష్ట్ర సరిహద్దు. 1956 దాక బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాల ఉండె. నక్ష మీద గీత మారింది గని మనుషులు మారలే. లగ్గం బట్టలకు దెగ్లూర్ బజారే పోతుంటిమి, ఇప్పటికీ పోతున్నరు. సగం మాట తెలుగు, సగం మరాఠీ. కుస్తీ పిచ్చి కూడ గట్లనే రెండు దిక్కులకు ఒక్కటే.

కుస్తీ నేర్చే తాలీమ్‌ల ఎర్రమట్టిని జల్లెడ పట్టి, పసుపు, నూనె, మజ్జిగ కలిపి మెత్తగ చేస్తుండ్రి. గోడకు హనుమంతుడు. ఆ మట్టిలకు దిగాలంటె లంగోట కట్టాలె. లంగోట దుకాణంల కొనుడు మాకు తెల్వదు, మేరాయన కుట్టిస్తుండె. మందపాటి నూలు బట్ట రెండు పొరలు, మూడు మూలల ముక్క, ఇరుపక్కల పొడుగు పట్టీలు. కుస్తీల ఎదుటోడు ఆ లంగోటనే పట్టి లేపుతడు. అప్పుడు మనిషి లేవాలె గని కుట్టు లేవద్దు. దానికి ఇంతకు మించిన గ్యారంటీ కార్డు ఏముంటది? ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద. అంతే మా వార్డ్‌రోబు.

జాతరల మా దిక్కు కుస్తీ పోటీలు ఇప్పటికీ అయితున్నయి, మహారాష్ట్ర, కర్ణాటక నుంచి పైల్వాన్లు వస్తరు. చిన్న పోరగాళ్లతోని కొబ్బరికాయ కుస్తీ మొదలుపెట్టి, ఆఖరికి వెండి కడెం కుస్తీ దాక తీస్కపోతరు. మేం పోరగాళ్లమున్నప్పుడు పెద్దలు ఖాశాబా జాదవ్ పేరు చెప్పి ఉసిగొల్పుతుండ్రి. సతారా దిక్కు రైతు కొడుకు, 1952ల హెల్సింకి ఒలింపిక్స్‌ల కంచు పతకం తెచ్చినోడు. ఆజాదీ తర్వాత మన దేశంల ఒక్కడే నిలబడి గెల్చిన మొదటి ఒలింపిక్ పతకం అదే. ఆయన అక్కడికి పోనీకె ఊరోళ్లు చందాలేసుకున్నరు, కొల్హాపూర్‌ల ఆయన చదివిన రాజారాం కాలేజీ ప్రిన్సిపాల్ ఇల్లు కుదువ పెట్టి ఏడు వేలు ఇచ్చిండు. ఆ పైసలు పోయింది ప్రయాణం ఖర్చులకు. ఇప్పుడు కొత్తగ జిమ్ముకు పోయేటోడు మొదటి నెల ఫీజు కంటె ముందు అద్దంల ఫొటో దిగనీకె టీషర్టు కొంటున్నడు.

బడిల డ్రిల్లు పీరియడ్‌కు ఖాకీ లాగు. బట్ట పేరు కూడ డ్రిల్లే, ఏటవాలు నేత, చేత్తోని ముడిస్తె గరగర అంటది. మేరాయన కొలత తీసుకుంటప్పుడు మా నాయన పక్కన నిలబడి 'పెరిగే పోరడు, లూజు పెట్టు' అని చెప్తుండె. కింద మూడు వేళ్ల మడత, వెనక నడుము కాడ రెండు వేళ్ల కుట్టు జాగ. ఏడాదికొకసారి మడత ఇప్పుడు, కుట్టు ఇప్పుడు; లాగు మాతోపాటే పెరుగుతుండె. పెద్దోనిది నడిపోనికి, నడిపోనిది చిన్నోనికి. ఆఖరికి పొలంకాడ ఇంజన్ తుడిచే గుడ్డ.

అన్నిటికంటె ముఖ్యం మియానీ. లాగుకు రెండు కాళ్ల నడుమ నాలుగు కుట్లు వచ్చి ఒక్క కాడ కలుస్తయి, కూసున్నా దుంకినా ఒత్తిడంతా ఆ చోటనే పడ్తది. మేరాయన అక్కడ నాలుగు పలకల ముక్క ఒకటి అతికి, ఆ కుట్లను ఒకదానికొకటి దూరం చేస్తుండె. దండీలు తియ్యి, బస్కీలు తియ్యి, కట్ట మీదికెల్లి మంజీర ఇసుకలకు దుంకు, లాగు ఊ అనేది కాదు. మా మనవని ప్యాంటు తిరగేసి చూసిన. మియానీ లేదు. జానెడు బట్ట, నాలుగు కుట్లు మిగులుతయని తీసేసిండ్రు. లక్ష ప్యాంట్లు కుట్టేటోనికి లక్ష జానలు మిగులు, తొడిగేటోనికి పర్రు.

ఆ కాలంల బట్ట సస్తగ ఉండెనా అంటె లేకుండె, ఆ అబద్ధం నేను చెప్పను. కొత్త బట్ట పండుగకే. కంట్రోలు బట్ట అని సర్కారు ధర గట్టిన ముతక బట్ట వస్తుండె, దానికి కూడ లైన్ల నిలబడాలె. తర్వాత ఎన్టీఆర్ వచ్చినంక జనతా ధోవతులు, చీరలు సగం ధరకు ఇచ్చిండ్రు. ముతకవే, రంగు పోతుండె, గని చిరగకపోతుండె. చింపుకున్నోనికి ఇంకొకటి దొరకదు గనుక కొనేటోడు ముందుగాలనే బట్టను పిండి, ఎండకు పట్టి, పోగు గుంజి చూసేటోడు. దుకాణం సేటుకు కూడ తెలుసు, ఈ ముసలాయన మోసపోడని. ఇప్పుడు ఫోన్ల బొమ్మ చూసి నొక్కుతరు. బొమ్మల తొడిగిన మనిషి కండలు చూస్తరా, లాగు కుట్టు చూస్తరా? వచ్చినంక సైజు పట్టకపోతె మళ్ల వాపసు పంపుడు. మా ఊరి దాక వచ్చే డబ్బా తక్కువ, మద్నూర్ కాడికొచ్చి తీస్కపొమ్మని ఫోను చేస్తరు; పోయి రానీకె పెట్రోలు మనది.

నాకు ఇంకొక మంట ఉన్నది. మాది రేగడి నేల, పత్తి పండే నేల. మద్నూర్‌ల జిన్నింగ్ మిల్లులున్నయి. సీజన్ల పత్తి బండ్లు వరుస కడ్తయి. క్వింటాలు పత్తి జిన్ను చేస్తె 33, 34 కిలోల దూది వస్తది. 2025-26కు పొడుగు పింజ పత్తికి కేంద్రం ఇచ్చిన మద్దతు ధర 8,110 రూపాయలు, అంటె కిలో 81. ఒక టీషర్టుకు తరుగుతోని కలిపి రెండు వందల గ్రాముల దూది పడ్తదనుకున్నా, దాంట్ల రైతు పత్తి అటూ ఇటూ 50 రూపాయలది. మంచి నూలు టీషర్టు దెగ్లూర్‌ల నాలుగైదు వందలు. నడుమ వడికేటోడు, అల్లేటోడు, రంగేసేటోడు, కుట్టేటోడు, బండి కిరాయి అన్నీ ఉంటయి, కాదనను. గని మా పత్తి ఇక్కడి నుంచి బేళ్లై పోయి, తిరుప్పూర్‌ల అంగై తిరిగొస్తె మేమే కొనలేకపోతున్నం. అందుకే మా పోరగాళ్లు తొడిగేది పాలిస్టర్, రాతినూనెల పుట్టిన బట్ట. పత్తి చేన్ల నిలబడి నూనె బట్ట తొడుక్కుంటరు.

అప్పుడు దూరం పోవాల్సిన పని లేకుండె. నిజాం కాలంల పెట్టిన ఉస్మాన్‌షాహి మిల్లు నాందేడ్‌ల ఉండె, 1934ల పెట్టిన ఆజంజాహి మిల్లు వరంగల్‌ల ఉండె. పత్తి లోపటికి పోతె బట్ట బయటికి వస్తుండె. ఆజంజాహి 2002ల మూతపడ్డది. దాని ముచ్చట తీస్తె ఈ పేజీ సాలదు.

పాలిస్టర్‌ను ఉత్తగనే తిడ్తలేను. తడిసిన ఖాకీ తొడలను ఒరుసుకొని పుండ్లు చేస్తుండె, రాత్రి కొబ్బరినూనె పెట్టుకొని కాళ్లు ఎడంగ పెట్టి పండుకుంటుంటిమి. నూలు చెమటను తాగి బరువెక్కుతది, ఆరదు. వానకాలంల మా రేగడి అంటిన తెల్ల బనీను మళ్ల తెల్లగ అయిన దాఖలా లేదు. పాలిస్టర్ జాడిస్తె మట్టి రాలుతది, దండెం మీద ఏస్తె అన్నం తినే లోపట ఆరుతది. ఒక్క జతతోనే రోజూ ఉరికేటోనికి అది చిన్న సంగతి కాదు. కాకపోతె దానికి చెమట కంపు పట్టుకుంటె పోదు, ఒంటి జిడ్డును పోగులల్ల దాచుకుంటది. ఇప్పిన ఎంటనే నీళ్లల్ల జాడించి ఆరేస్తె సగం బాధ తప్పుతది. మావోడు ఇప్పి ముద్ద చేసి మంచం కింద ఏస్తడు, మూడో దినానికి కుక్క కూడ ఆ అర్రలకు రాదు.

సాగే బట్టల ఉండే పోగు ఇంకొకటి. 1958ల అమెరికాల డ్యూపాంట్ కంపెనీల జోసెఫ్ షివర్స్ అనేటాయన కనిపెట్టిండు, లైక్రా అని అమ్మిండ్రు. దానికి వేడి పడదు, బ్లీచింగ్ పడదు. మా కోడలుకేమో బట్ట అంటె మసిలే నీళ్లల్ల నానబెట్టాలె, బండ మీద బ్రష్షు పెట్టి రుద్దాలె, రేకుల మీద మిట్టమధ్యాన్నం ఎండకు ఏయాలె. ఖాకీ లాగుకు సరిపోయిన వైద్యమే అది. సాగే లాగుకు చేస్తె రబ్బరు సావకేమైతది? చల్లనీళ్లు, తిరగేసి పిండుడు, నీడకు ఆరేసుడు, అంతే దానికి కావాల్సింది. ఈ ముక్క నేను చెప్తె 'మామకు పని లేదు' అంటది. మనవడు ఫోన్ల చూపిస్తె 'అవునా' అంటది.

ఆడపిల్లల సంగతికొస్తె మా రోజులను నేను పొగడను. ఆడపిల్ల ఉరికితె ఇంట్ల దెబ్బలు పడుతుండె, ఇంక ఉరికే బట్ట యాడిది? ఇప్పుడు మా మనవరాలు కూడ అన్నెంబడి పోతున్నది. మొదట చుడీదార్ తొడిగి, చున్నీ నడుముకు బిగించి ఉరికింది. గాలికి చున్నీ ఊడి కాళ్లకు తట్టుకొని బోర్ల పడ్డది. తర్వాత అన్న పాత ట్రాక్ ప్యాంటు, వాళ్ల నాయన అంగి. ఎవరన్న ఏమన్న అంటె నేను నిజామాబాద్ నిఖత్ జరీన్ పేరు చెప్తున్న. నిక్కరు తొడిగే ఆట ఆడపిల్లకెందుకని దోస్తులు, సుట్టాలు అన్నరట, వాళ్ల నాయననే చెప్పిండు. ఆ పిల్ల 2022ల ఇస్తాంబుల్‌ల, 2023ల ఢిల్లీల ప్రపంచ ఛాంపియన్ అయింది. అన్నోళ్ల పేర్లు ఎవరికన్న యాదికున్నయా? ఇంక ఆడపిల్లల లోపలి బట్ట సంగతి నా కోడలు నాకు ఖరాఖండిగ చెప్పింది: 'మామా, అన్నింట్ల పైసలు మిగుల్చు, దాంట్ల మాత్రం మిగుల్చకు. సంతల యాభై రూపాయలది తొడిగి ఉరికితె ఈపు నొస్తది, రొమ్ము నొస్తది, పిల్ల ఉరుకుడే బందు చేస్తది.' నాకు తెల్వని ముచ్చట, ఆమె మాటనే ఖాయం చేసిన. పిల్లకు మంచిది ఒక్కటి కొన్నం, లాగు మాత్రం అన్నదే.

2025 సెప్టెంబర్ 22 నుంచి బట్టల మీద జీఎస్టీ తగ్గిందని టీవీల ఒకటే చప్పుడు. 2,500 రూపాయల లోపు బట్టకు 5 శాతమే నట. సంతోషం. అంతకుముందు వెయ్యి లోపటి బట్టకు 5 శాతమే ఉండె. అంటె మావోని మూడు వందల లాగుకు పోయింది లేదు, వచ్చింది లేదు. వెయ్యి దాటిన టీషర్టు కొనేటోనికి మేలైంది. డోంగ్లిల అసుంటోడు ఎవడన్న ఉంటె నాకు చూపియ్యుండ్రి, చాయ్ తాపుతా.

ఇప్పుడు మనవని ఎంబడి దుకాణానికి నేనే పోతున్న. వాడు సిగ్గుపడ్తడు, పడనీ. లాగు చేతికి రాంగనే తిరగేస్త. కూసునే జాగను వెలుతురుకు పట్టి చూస్త; అవతలి మనిషి మొకం కనబడితె వాపసు. మోకాలు కాడ రెండు బొటనవేళ్లతోని సాగదీసి ఇడుస్త; ఎంటనే ఎనుకకు రాకుంటె రేపు ఉబ్బుతది. కుట్టును అడ్డంగ గుంజుత. నడుమ దారం పండ్లు చూపెట్టి నవ్విందంటె మూడో జంపుకు ఇడుస్తది. రబ్బరు ఒక్కటే ఉన్న నడుము వద్దు, నాడా కూడ ఉండాలె. రబ్బరు సచ్చినా నాడా మానం కాపాడుతది. దస్తీ తడిపి రంగు మీద రుద్దుత. ఆఖరికి మనవని చేత తొడిగిచ్చి దుకాణంలనే రెండు బస్కీలు తీపిస్త. సేటు నవ్వుతడు, నవ్వనీ. టీషర్టైతె బరువు చూడాలె. జీఎస్ఎం, అంటె చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములని, 180 చుట్టుపక్కల ఉంటె నూలుది ఏడాది దాటుతది, 130, 140ది చంకల కాడ ముందు పోతది. తెల్లారగట్ల లారీల తొవ్వ మీద ఉరికేటోడు నల్లది కొనొద్దు; రేగడి మరక పడితె పడనీ, లారీ డ్రైవర్‌కు మనిషి కనబడాలె.

గిట్ల ఏరి కొంటె ఐదు వందలైతది. మూడు వందలవి మూడు కొనే బదులు ఐదు వందలది ఒకటి కొనుడే లాభం. ఆ ఐదు వందలు కూడ ఒక్కసారి చేతిల లేని ఇండ్లు మా ఊర్ల శాన ఉన్నయి. వాళ్ల పిల్లలే ఎక్కువ ఉరుకుతున్నరు. వాళ్లకు నా దగ్గర ఒక ఉపాయం ఉన్నది.

టీషర్టైతె కొనుడే మేలు. అల్లిక బట్టను ఇంటి మిషన్ మీద సీదా కుట్టు ఏస్తె సాగినప్పుడు దారం పట్టుమంటది. లాగు మాత్రం మనం కుట్టుకోవచ్చు. నేసిన బట్ట, జర మందం టెరికాటన్, పెద్దోనికి రెండు మీటర్లు సాలు. తాను లెక్క తెస్తె మీటరు ధర తగ్గుతది. నడుముకు ఎడల్పు రబ్బరు, దాంట్ల నాడా, కింద మూడు వేళ్ల మడత, నడుమ మియానీ. కుట్టెటోళ్లు ఊర్ల లేరా అంటె, సర్కారు బడి పిల్లల యూనిఫారాలు ఇప్పుడు మహిళా సంఘాలోళ్లే కుడుతున్నరు. జూన్‌ల బడి తెరిచే ముంగట ఆ మిషన్లు రాత్రి పగలు నడుస్తయి, తర్వాత మీద గుడ్డ కప్పి పెడ్తరు.

సంఘం అక్కలారా, ఆ గుడ్డ తీయుండ్రి. ఈసారి నోటిఫికేషన్ పడంగనే ఉరికే పోరగాళ్లు, పోరలు పదిమంది కలిసి చందా ఏసుకొని దెగ్లూర్‌ల ఒక తాను కొనుక్కొస్తరు, ఆ జిమ్మా నాది. బేరం నేనే చేస్త. కుట్టు కూలి మీకు బడి యూనిఫారం కంటె ఎక్కువే ఇప్పిస్త. మియానీ కోసుడు రానోళ్లుంటె నా పాత ఖాకీ లాగు ఇంకా పెట్టెల ఉన్నది, ఇప్పి చూసి నేర్చుకోవచ్చు. గీతలు మాత్రం ఏయకుండ్రి.